కొనేవారి కన్నుకు కూలి

కార్ఖానా దాటి, తిరుమలగిరి చౌరస్తా మీదుగా లోతుకుంట దాకా రాజీవ్ రహదారి వెంట వెళ్తుంటే రెండు వైపులా బోర్డులే. బైకుల షోరూంలు, సెల్‌ఫోన్ షాపులు, బంగారు దుకాణాలు, బ్యాంకులు, మందుల షాపులు, పిజ్జా సెంటర్లు, పెట్రోల్ బంకులు. వీటిలో చాలావాటి అసలు యజమాని ఈ ఊళ్లో ఉండడు. ముంబైలోనో, బెంగళూరులోనో, ఒక్కోసారి సముద్రాల అవతలో ఉంటాడు. తన పేరు పెట్టుకున్న దుకాణంలో మనిషిని ఎలా పలకరిస్తున్నారో, బిల్లు ఇస్తున్నారో లేదో అతనికి తెలిసేదెలా? మేనేజర్‌ని అడిగితే ‘అంతా బాగానే ఉంది సార్’ అంటాడు. పైనుంచి తనిఖీకి వస్తున్నారని తెలిస్తే ముందురోజే అద్దాలు తళతళలాడతాయి, యూనిఫాంలు ఇస్త్రీ అవుతాయి.

అందుకే ఎవరికీ చెప్పకుండా, ఎవరికీ తెలియని ఒక మామూలు మనిషిని పంపిస్తారు. ఆ మనిషి అందరిలాగే లోపలికి వెళ్తాడు, వస్తువు చూస్తాడు, నాలుగు ప్రశ్నలు వేస్తాడు, కావాలంటే కొంటాడు, ఇంటికొచ్చి చూసిందంతా రాసి పంపుతాడు. దానికి ఫీజు ఇస్తారు. ఈ పనినే మిస్టరీ షాపింగ్ అంటున్నారు. చేసేవాళ్లు మిస్టరీ షాపర్లు. కంపెనీల భాషలో ‘మిస్టరీ ఆడిట్’.

వాట్సాప్‌లో ‘షాపింగ్ చేయండి, రోజుకు వేలు సంపాదించండి’ అని మెసేజీలు వచ్చిపడుతున్న కాలం ఇది. వాటిలో నూటికి తొంభై తొమ్మిది మోసాలే అనుకుని పక్కన పెట్టేవాళ్లు తెలివైనవాళ్లు. అయితే ఆ మోసాల గుట్ట కింద నిజంగానే ఒక పని ఉంది. చిన్న పని, చిన్న డబ్బు. ఓపిక, నిజాయితీ ఉన్నవాళ్లకు అది గౌరవంగా దొరుకుతుంది. అసలేదో నకిలీ ఏదో విడదీసి చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

పాత పద్ధతే

తన కింద పనిచేసేవాళ్ల తీరు తెలుసుకోవడానికి ఏలికలు మారువేషం వేయడం మనకు కొత్త కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో న్యాయాధికారులకు లంచం ఎరచూపి పరీక్షించే గూఢచారులు ఉన్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా రాత్రిపూట మామూలు మనిషిలా నగరంలో తిరిగి జనం కష్టసుఖాలు వినేవాడని హైదరాబాద్ పాతబస్తీలో నేటికీ చెప్పుకుంటారు. వ్యాపారంలో ఈ పద్ధతి అమెరికాలో మొదలైంది. బ్యాంకుల్లో, దుకాణాల్లో డబ్బు కాజేసే ఉద్యోగుల్ని పట్టుకోవడానికి ప్రైవేటు డిటెక్టివ్‌లను కస్టమర్లుగా పంపేవారు. 1940ల్లో విల్‌మార్క్ అనే సంస్థ దీనికి ‘మిస్టరీ షాపింగ్’ అని పేరు పెట్టిందంటారు. క్రమంగా దొంగల్ని పట్టుకోవడం వెనక్కి పోయి, కస్టమర్‌కు దక్కే మర్యాదను కొలవడం ముందుకొచ్చింది.

మన దగ్గర ప్రభుత్వాలూ ఈ దారి తొక్కాయి. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ పోలీసులు ఆడపిల్లల్ని వేధించేవాళ్లను పట్టుకోవడానికి బస్టాపుల్లో, కాలేజీల దగ్గర మఫ్టీలో జనంలో కలిసిపోయి నిలబడతారు. 2021 సెప్టెంబరులో ఆర్టీసీ ఎండీగా బాధ్యతలు తీసుకున్న కొద్దిరోజులకే వి.సి. సజ్జనార్ లక్డీకాపూల్‌లో సిటీ బస్సెక్కి, మామూలు ప్రయాణికుడిలా టికెట్ తీసుకుని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగారు. చిరిగిన నోట్లు మార్చి ఇస్తున్నారా, చిల్లర నాణేలు ఇస్తున్నారా అని చూడటానికి రిజర్వ్ బ్యాంకు అధికారులు బ్యాంకు శాఖలకు తామెవరో చెప్పకుండా వెళ్లే ఏర్పాటు ఉంది.

ఇలా తెలియకుండా చూసే కన్నుకు ఎంత బలం ఉందో పరిశోధకులు చూపించారు. సంతోష్ అనగోల్, షాన్ కోల్, షాయక్ సర్కార్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు మన దేశంలో బీమా ఏజెంట్ల దగ్గరికి శిక్షణ పొందిన మనుషుల్ని కస్టమర్లుగా పంపారు. చాలామంది ఏజెంట్లు ఎదుటివారికి ఏది మంచిదో చూడలేదు, తమకు కమిషన్ ఎక్కువ వచ్చే పాలసీనే అంటగట్టబోయారు. 2017లో ఆ పరిశోధన అచ్చయింది. జిష్ణు దాస్ బృందం అయితే ఢిల్లీలో, మధ్యప్రదేశ్ పల్లెల్లో తర్ఫీదు ఇచ్చిన ‘రోగుల్ని’ వైద్యుల దగ్గరికి పంపింది. 2012లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం మధ్యప్రదేశ్‌లో ఒక్కో రోగికి సగటున నాలుగు నిమిషాలు కూడా దక్కలేదు. ఏ ప్రశ్నపత్రంతో అడిగినా ఈ నిజాలు బయటికి వచ్చేవి కావు. తనను ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మనిషి ఎలా ఉంటాడో అక్కడే ఉండి చూస్తేగాని తెలియదు. మిస్టరీ షాపర్‌కు ఇచ్చే డబ్బు ఆ చూపుకే.

పని ఎలా ఉంటుంది

దుకాణం యజమాని నేరుగా మనుషుల్ని వెతుక్కోడు. మధ్యలో ఏజెన్సీలు ఉంటాయి. బేర్ ఇంటర్నేషనల్, హెచ్‌ఎస్ బ్రాండ్స్ వంటి విదేశీ మూలాలున్నవి, ఫ్లోర్‌వాక్, రెడ్‌క్వాంటా వంటి స్వదేశీవి ఈ రంగంలో వినిపించే పేర్లు. వాటి వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవడానికి పైసా కట్టనక్కర్లేదు. వయసు, ఊరు, చదువు, బండి ఉందా, కారు ఉందా, ఏ బ్యాంకులో ఖాతా ఉంది, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా అని అడుగుతారు. కారు షోరూంకి వెళ్లే మనిషి కారు కొనగలిగేలా కనిపించాలి, పిల్లల బట్టల షాపుకి వెళ్లేవాళ్ల వెంట బిడ్డ ఉంటే సహజంగా ఉంటుంది. ఆ లెక్కలు చూసుకోవడానికే ఈ వివరాలు.

పని ఖాళీ ఉన్నప్పుడు మెయిల్ గానీ, యాప్‌లో కబురు గానీ వస్తుంది. ఫలానా తేదీల మధ్య, ఫలానా వేళల్లో, ఫలానా శాఖకు. ఒప్పుకుంటే కొన్ని పేజీల సూచనలు పంపుతారు. చదివాక చిన్న పరీక్ష పెడతారు. అందులో నెగ్గితేనే పని మీది.

సెల్‌ఫోన్ షాపునే తీసుకుందాం. తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి ఎంతసేపటికి పలకరించారు? ముందు మీ అవసరం అడిగారా, నేరుగా ఖరీదైన మోడల్ ముందు పెట్టారా? పక్క కంపెనీ ఫోనే బాగుంటుందని మళ్లించబోయారా? బల్ల మీద ఉన్న నమూనా ఫోన్లలో ఎన్ని వెలుగుతున్నాయి? వారంటీ వివరంగా చెప్పారా? మాట్లాడిన ఉద్యోగి బ్యాడ్జి మీద పేరేమిటి, బ్యాడ్జి లేకపోతే మనిషి ఎలా ఉన్నాడు? మీరు కొనకుండా బయల్దేరినప్పుడు ముఖం చిట్లించాడా, మళ్లీ రండి అన్నాడా? ఇలా ముప్పయ్యో నలభయ్యో ప్రశ్నలు. ఇవన్నీ చేతిలో కాగితం లేకుండా గుర్తుపెట్టుకోవాలి.

అనుభవం మీద కొన్ని ఉపాయాలు అబ్బుతాయి. బిల్లు మీద అచ్చయిన సమయం ఒక ఆధారం. ఇంటికి ఏదో మెసేజి పెడుతున్నట్టు ఫోన్లో రెండు ముక్కలు రాసుకోవడం ఇంకొకటి. ఉద్యోగి పేరు తెలియకపోతే, ‘రేపు మళ్లీ వస్తే ఎవర్ని అడగమంటారు తమ్ముడూ?’ అంటే చాలు, తానే చెబుతాడు. బయటికి వచ్చిన వెంటనే, బండి స్టార్ట్ చేయకముందే గుర్తున్నదంతా గొంతుతో రికార్డు చేసుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

పెట్రోల్ బంకు పని మరోలా ఉంటుంది. నింపే ముందు మీటర్‌లో సున్నా చూపించారా, గాలి పట్టే యంత్రం పనిచేస్తోందా, తాగునీరు ఉందా, మరుగుదొడ్డికి తాళం వేసి ఉందా అని చూడాలి. ఈ పని కోసం చదివే సూచనల్లో మనందరికీ ఉన్న హక్కులే కనిపిస్తాయి. ఏ బంకులోనైనా 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగవచ్చు, ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి కల్తీ ఉందో లేదో చూడవచ్చు. సినిమాకు వెళ్లినా ఇలాంటి హక్కే ఉంది: 2018 ఆగస్టు 1 నుంచి తెలంగాణ తూనికలు, కొలతల శాఖ మల్టీప్లెక్సుల్లో తినుబండారాల ధర, పరిమాణం స్పష్టంగా కనిపించేలా పెట్టాలని నిబంధనలు అమలు చేసింది. మిస్టరీ షాపర్‌గా నాలుగు నెలలు తిరిగినవాళ్లు ఆ తర్వాత తమ సొంత డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు కూడా మోసపోరు. నా దృష్టిలో ఫీజు కంటే ఈ లాభమే పెద్దది.

బ్యాంకు పనుల్లో మాత్రం ఒక జాగ్రత్త. వడ్డీ ఎంత, ఏ కాగితాలు కావాలి అని అడిగి రావడం వరకే మీ పాత్ర. అప్పు దరఖాస్తు మీద సంతకం పెట్టారంటే మీ క్రెడిట్ రిపోర్టులో విచారణగా నమోదవుతుంది, స్కోరు తగ్గవచ్చు. సూచనల్లో దరఖాస్తు పెట్టమని ఉంటే ఆ పని వదులుకోండి. దొంగ పేర్లు, తప్పుడు కాగితాలు చూపించమని నిజమైన ఏజెన్సీ అడగదు.

తిరుమలగిరి వాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇది కంటోన్మెంట్. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు కందకం తవ్వి కోటలా కట్టుకున్న దండు ప్రాంతం. నేటికీ గోడకు అటువైపు సైన్యమే. చాలా యాప్‌లు దుకాణం బయటి నుంచి లొకేషన్‌తో కూడిన ఫొటో తీయమంటాయి. సైనిక ప్రాంతాల గోడలు, గేట్లు, కాపలా పోస్టులు ఫ్రేములో పడకుండా చూసుకోవాలి. బోర్డు వరకు దగ్గరగా తీస్తే గొడవ ఉండదు. సర్వీసులో ఉన్న సైనికులు, ప్రభుత్వోద్యోగులు అనుమతి లేకుండా జీతానికి బయట ఇలాంటి సంపాదన పెట్టుకోకూడదు. విశ్రాంత సైనికులకు, గృహిణులకు ఆ అడ్డు లేదు. రెండు మూడేళ్లకోసారి ఊరు మారే జవాన్ల కుటుంబాలకు ఈ పని బాగా నప్పుతుందని నాకనిపిస్తుంది. ఏ ఊరికి బదిలీ అయినా ఆ ఏజెన్సీ ఖాతా వెంటే వస్తుంది, పాత రిపోర్టులకు వచ్చిన రేటింగూ వెంటే వస్తుంది.

రాత రాకపోతే రాబడి లేదు

బయటివాళ్లు ఇది షాపింగ్ ఉద్యోగం అనుకుంటారు. నిజానికి ఇది రాత ఉద్యోగం. దుకాణంలో గడిపేది అరగంట, రిపోర్టు రాయడానికి పట్టేది గంటా గంటన్నర. చాలా చోట్ల అదే రోజు రాత్రికో, మర్నాటికో పంపాలి. ఆలస్యమైతే పని రద్దు, పెట్టిన ఖర్చూ గల్లంతు.

‘సిబ్బంది ప్రవర్తన బాగాలేదు’ అని రాస్తే తిరిగొస్తుంది. అది మీ అభిప్రాయం. ‘6.10కి లోపలికి వెళ్లాను. కౌంటర్ దగ్గర ఇద్దరు ఉద్యోగులు మాట్లాడుకుంటున్నారు. 6.14కి నేనే వెళ్లి అడిగాను. నీలం చొక్కా, కళ్లద్దాలు ఉన్న ఉద్యోగి తల ఎత్తకుండా అక్కడ ఉన్నాయి చూసుకోండి అన్నాడు’ అని రాస్తే అది సాక్ష్యం. చూసింది, విన్నది, గడియారం చెప్పింది రాయాలి. కోపం, జాలి, ఊహ రాయకూడదు. రిపోర్టు అందాక ఏజెన్సీలో ఎడిటర్ చదివి ప్రశ్నలు వేస్తాడు. వాటికి జవాబిచ్చాకే ఆమోదం. ఎక్కువ శాతం రిపోర్టులు ఇంగ్లిషులోనే రాయాలి. పెద్ద ఇంగ్లిషు అక్కర్లేదు, చిన్న చిన్న వాక్యాలు తప్పుల్లేకుండా వస్తే చాలు. తెలుగులో కూడా రాయనిస్తే మంచి పరిశీలన ఉన్న ఎంతోమంది తల్లులకు ఈ దారి తెరుచుకునేది. తెలుగు రాష్ట్రాల్లో పనిచేస్తున్న ఏజెన్సీలు ఈ మాట ఆలోచించాలి.

ఎంత వస్తుంది?

సూటిగా చెప్పాలంటే కొద్దిగానే. ఒక్కో మామూలు పనికి కొన్ని వందల రూపాయలు. ఖరీదైన హోటళ్లు, కార్ల టెస్ట్ డ్రైవ్ లాంటివాటికి ఎక్కువ ఉంటుంది. భోజనం, కాఫీ లాంటి కొనుగోళ్ల ఖర్చు విడిగా తిరిగి ఇస్తారు, దానికి ఒక పరిమితి ఉంటుంది. 500 వరకే అని ఉంటే, మీరు 700 తింటే ఆ 200 భారం మీదే. కొన్ని పనుల్లో ఫీజే ఉండదు, తిన్న భోజనమే ఫీజు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. లోతుకుంటలో ఉండే ఒకామె కార్ఖానాలోని షాపు పని 400 రూపాయలకు ఒప్పుకుంది. స్కూటీ పెట్రోలు, పార్కింగ్ కలిపి 40. రానుపోను 40 నిమిషాలు, లోపల అరగంట, రిపోర్టుకు గంటన్నర. మొత్తం 2 గంటల 40 నిమిషాలకు చేతిలో మిగిలేది 360. గంటకు 135 చొప్పున. నెలకు పది పనులు దొరికితే 3,600. అదీ వెంటనే రాదు. రిపోర్టు ఆమోదం అయ్యాక నెలకో రెండు నెలలకో బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈలోగా దుకాణంలో మీరు పెట్టిన డబ్బు ఇరుక్కుని ఉంటుంది.

నెలకు పది పనులు దొరకడం కూడా తేలిక కాదు. ఒకే మనిషిని ఒకే శాఖకు మళ్లీ మళ్లీ పంపరు, ముఖం గుర్తుపడతారు కాబట్టి కొన్ని నెలలు ఆగాలి. తిరుమలగిరి వరకే తిరుగుతానంటే రెండో నెలకే పనులు అయిపోతాయి. అల్వాల్, బోయిన్‌పల్లి, సైనిక్‌పురి, కొంపల్లి దాకా వెళ్లగలిగితేనే కుదురుతుంది. ఒకే దారిలో ఉన్న మూడు పనులు ఒకే మధ్యాహ్నం పెట్టుకుంటే పెట్రోలు కలిసొస్తుంది. అయితే మూడు రిపోర్టులు ఒకే రాత్రి రాయాలి. రెండు మూడు ఏజెన్సీల్లో పేరుండటం వల్ల ఖాళీ తగ్గుతుంది.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. ఇది జీతం కాదు, ఫీజు. పరిమితి దాటితే ఏజెన్సీ ముందే పన్ను పట్టుకుంటుంది. మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే కోత బాగా పెరుగుతుంది.

కాలేజీ పిల్లల చేతి ఖర్చుకు, గృహిణి సొంతంగా దాచుకునే డబ్బుకు, పెన్షనర్ల కాలక్షేపానికి ఇది సరిపోతుంది. దీన్ని నమ్ముకుని ఉన్న ఉద్యోగం మానేయడం పొరపాటు. ఇల్లు గడవడానికి దారి వెతుక్కుంటున్నవాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను.

712 కోట్లు పోయిన చోటు

2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన కేసు ఇంటింటా చెప్పుకోదగ్గది. చిక్కడపల్లి ప్రాంతానికి చెందిన ఒకరికి టెలిగ్రామ్‌లో పార్ట్‌టైం ఉద్యోగం వచ్చింది. వ్యాపార సంస్థలకు రేటింగులు, రివ్యూలు ఇవ్వడం పని. మొదట 1,000 రూపాయలు పెడితే 866 లాభం వచ్చింది. తర్వాత 25,000 పెడితే 20,000 లాభం తెర మీద కనిపించింది. కానీ తీసుకోనివ్వలేదు. ఇంకొంత కడితేనే వస్తుందన్నారు. అలా కట్టుకుంటూ పోయి చివరికి 28 లక్షలు పోగొట్టుకున్నారు. ఆ ఫిర్యాదు పట్టుకుని తీగ లాగితే దేశమంతటా సుమారు 15,000 మంది బాధితులు, 712 కోట్ల రూపాయల దోపిడీ బయటపడ్డాయి. డబ్బు దుబాయ్ మీదుగా, క్రిప్టో కరెన్సీగా మారి చైనా ముఠాలకు చేరిందని పోలీసులు చెప్పారు. తొమ్మిది మందిని అరెస్టు చేశారు.

చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు కూడా ఇందులో ఎందుకు పడుతున్నారు? వాళ్లకు అత్యాశ అని తిట్టిపోయడం తేలిక. నాకది న్యాయంగా తోచదు. ఆ మోసం అరువు తెచ్చుకున్న వేషం నిజమైన పనిది. మనుషులకు డబ్బిచ్చి సేవల్ని పరిశీలింపజేసే సంస్థలు నిజంగానే ఉన్నాయి. మొదటి 866 రూపాయలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. అక్కడే నమ్మకం కుదిరిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘మీ జేబులోంచి డబ్బు తీయమంటే అది మోసమే’ అని మిగతా ఉద్యోగాలకు చెప్పినట్టు ఇక్కడ చెప్పలేం. అసలైన మిస్టరీ షాపర్ కూడా ముందు తన డబ్బే ఖర్చు పెడతాడు. అందుకే గీత సరిగ్గా ఎక్కడ గీయాలో తెలియాలి. మీ డబ్బు వెళ్లేది దుకాణం గల్లా పెట్టెలోకి. దానికి బదులుగా వస్తువు, బిల్లు మీ చేతికొస్తాయి. పని ఇచ్చిన ఏజెన్సీకి మాత్రం మీనుంచి ఒక్క రూపాయి వెళ్లకూడదు. రిజిస్ట్రేషన్ ఫీజు, శిక్షణ ఫీజు, డిపాజిట్, ‘ప్రీపెయిడ్ టాస్క్’, జీఎస్టీ, ‘ఖాతా అన్‌లాక్’ అంటూ ఏ పేరుతో అడిగినా అది దొంగతనమే. ఎవరిదో యూపీఐ నంబరుకు పంపమన్నా, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమన్నా అంతే. మిస్టరీ షాపింగ్ సంస్థల అంతర్జాతీయ సంఘం ఎంఎస్‌పీఏ కూడా పని కోసం ఎవరూ డబ్బు కట్టనక్కర్లేదనే చెబుతోంది.

వెళ్లకుండానే ఐదు నక్షత్రాలు ఇమ్మనడం మోసానికి మరో గుర్తు. చూడని హోటల్‌ను మెచ్చుకుంటూ రాసే రివ్యూ అబద్ధం, దాన్ని చదివి వెళ్లే ఇంకో కుటుంబానికి అన్యాయం. నిజమైన ఏజెన్సీ మీ రిపోర్టును రహస్యంగా ఉంచుకుంటుంది, బయట రేటింగ్ పెట్టమనదు. దొంగలు పేరున్న ఏజెన్సీల లోగోలు కూడా వాడుకుంటారు. కాబట్టి మెసేజిలో వచ్చిన లింకు నొక్కకుండా, వెబ్‌సైట్ చిరునామా మీరే టైపు చేసి వెళ్లాలి. ‘మిగతా షాపర్లకు డబ్బు పంచడానికి మీ ఖాతా వాడుకుంటాం, కమిషన్ ఇస్తాం’ అన్నవారి మాట వింటే మీరు బాధితులు కూడా కారు, దొంగసొమ్ము దాటించిన నిందితులవుతారు.

ఒకవేళ డబ్బు పోయిందా, సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తొలి గంటల్లో చెబితే డబ్బు చేరిన ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. కుటుంబ సభ్యులు తిట్ల పర్వం తర్వాత పెట్టుకుని ముందు ఫోన్ చేయనివ్వాలి.

అమెరికాలో ఉన్న పిల్లలకు

ఈ చుట్టుపక్కల కాలనీల నుంచి అమెరికాకు చదువుకు వెళ్లిన పిల్లలు చాలామంది. వాళ్ల మెయిళ్లకు వచ్చే మిస్టరీ షాపర్ మోసం ఇంకో రకం. పోస్టులో రెండు మూడు వేల డాలర్ల చెక్కు వస్తుంది. బ్యాంకులో వేసుకుని, మీ వాటా ఉంచుకుని, మిగతా డబ్బుతో గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపండి, ఆ షాపు సేవలు ఎలా ఉన్నాయో రాయండి అంటారు. అక్కడి బ్యాంకులు చెక్కు సొమ్మును ఒకట్రెండు రోజుల్లోనే వాడుకోనిస్తాయి. అది నకిలీదని తేలడానికి వారాలు పడుతుంది. తేలాక ఆ మొత్తం విద్యార్థే బ్యాంకుకు కట్టాలి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏళ్లుగా దీనిమీద హెచ్చరిస్తూనే ఉంది.

అసలు సిసలైన మిస్టరీ షాపింగ్ దొరికినా ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి చేయకూడదు. అది క్యాంపస్ బయట అనుమతి లేని పని కిందికి వస్తుంది. పని అనుమతి పత్రం లేని హెచ్-4 వీసా గృహిణులకూ అంతే. నలభై డాలర్ల కోసం వీసాను పణంగా పెట్టవద్దని ఇంటి నుంచి ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

కౌంటర్ వెనక మనిషి

మిస్టరీ షాపర్ రాసిన నాలుగు వాక్యాలు ఎక్కడో ఉన్న కార్యాలయానికి వెళ్తాయి. అక్కడ మార్కులుగా మారతాయి. ఆ మార్కులు తగ్గితే ఇక్కడ కౌంటర్ దగ్గరున్న అమ్మాయి ఇన్సెంటివ్ పోవచ్చు, మందలింపు రావచ్చు. ఆమె రోజంతా నిలబడి పనిచేస్తుంది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చి దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని నిర్దేశించాయి. మిస్టరీ షాపర్‌కు ఇచ్చే ఫారంలో ‘ఉద్యోగి నవ్వుతూ పలకరించారా?’ అనే ప్రశ్న ఉంటుంది. ఆమెకు కూర్చోవడానికి స్టూలు ఉందా అనే ప్రశ్న సాధారణంగా ఉండదు. ఉండాలని నా గట్టి నమ్మకం.

ఆ ప్రశ్న లేకపోయినా, రిపోర్టు రాసే మనిషి చేయగలిగింది కొంత ఉంది. బిల్లింగ్ దగ్గర పన్నెండు నిమిషాలు పట్టిందని రాసేటప్పుడు, నాలుగు కౌంటర్లలో ఒక్కటే తెరిచి ఉందని, వరుసలో తొమ్మిది మంది ఉన్నారని కూడా రాయాలి. అప్పుడు ఆలస్యానికి కారణం ఆ అమ్మాయి నెమ్మది కాదని, మనుషుల్ని తక్కువ పెట్టిన యాజమాన్యమని చదివినవాళ్లకు తెలుస్తుంది. బాగా చేసినవాళ్ల పేరు తప్పకుండా రాయాలి. మంచి రిపోర్టు వల్ల మెప్పు పొందే ఉద్యోగులూ ఉంటారు. తెలిసినవాళ్ల షాపు పని ఒప్పుకోకూడదు, పోటీ షాపులో పనిచేస్తూ ఈ పని చేయకూడదు, వెళ్లకుండా వెళ్లినట్టు రాయడం మహాపాపం. సూచనల్లో రాతపూర్వకంగా లేకుండా ఎవరి మాటలనూ, ముఖాలనూ రహస్యంగా రికార్డు చేయకూడదు. అతిగా ప్రశ్నలు వేసి ఉద్యోగిని ఏడిపించేవాళ్లు కూడా ఉంటారని వింటుంటాం. పరీక్ష అంటే వేధించడం కాదు.

మొదలుపెట్టాలంటే

పాన్ కార్డు, మీ పేరుతోనే ఉన్న బ్యాంకు ఖాతా, మంచి కెమెరా ఉన్న ఫోన్ సిద్ధం చేసుకోండి. ఈ పనికి కొత్తగా ఒక ఈమెయిల్ చిరునామా తెరవండి. పేరు నమోదు చేసుకునే ముందు ఒక సాయంత్రం ఉత్తినే సాధన చేయండి. మీ వీధి చివరి సూపర్ మార్కెట్‌కి వెళ్లి పాలో పెరుగో కొని వచ్చి, చూసిందంతా ఒక పేజీ రాయండి. ఎన్ని గంటలకు వెళ్లారు, ఎవరు ఏమన్నారు, ఎన్ని కౌంటర్లు తెరిచి ఉన్నాయి, క్యారీ బ్యాగుకు డబ్బు తీసుకున్నారా. రాయడం విసుగనిపిస్తే ఈ పని మీకు కాదు, అక్కడితో ఆపేయండి. రాస్తుంటే ఇంకా ఇంకా గుర్తొస్తుంటే ముందుకు వెళ్లండి.

మొదట ఏమీ కొనక్కర్లేని పనో, వంద రెండొందల్లో అయ్యే పనో ఒప్పుకోండి. మొదటి ఫీజు మీ ఖాతాలో పడేదాకా అదే ఏజెన్సీకి ఎక్కువ ఖర్చయ్యే రెండో పని చేయొద్దు. ఒక నోట్‌పుస్తకంలో తేదీ, షాపు, పెట్టిన ఖర్చు, రావలసిన ఫీజు, వచ్చిన రోజు రాసుకుంటూ ఉండండి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం చూస్తే కొనసాగాలో మానాలో మీకే తేలిపోతుంది. ఈలోగా ఎవరైనా ‘ముందు కొంచెం కట్టండి’ అంటే ఆ నంబరు బ్లాక్ చేసి, 1930కి చెప్పండి.